జెల్ మధ్యలో కణాలు చచ్చిపోతున్నాయా? ల్యాబ్ మాంసం ప్రయోగాల్లో సమస్య - పరిష్కారం

ల్యాబ్ మాంసం అంటే జంతువు కణాలను ల్యాబులో పెంచి తయారుచేసే మాంసం. సీ2సీ12 అనే ఎలుక కండ కణాలతోనో, హైదరాబాద్ దగ్గరి చెంగిచెర్ల కబేళా నుంచి తెచ్చిన గేదె కండతోనో జెల్‌లో కణజాలం పెంచుతూ, పక్కన కంప్యూటర్లో ఆక్సిజన్ సిమ్యులేషన్ నడిపేవాళ్ల కోసం ఇది. ఎక్కువమందిని ఏడిపించే సమస్యతోనే మొదలుపెడదాం.

సమస్య: సిమ్యులేషన్‌లో కణాలన్నీ బతికే ఉన్నాయి, జెల్‌లో మాత్రం అడుగున చచ్చాయి

ముందు చావు ఎక్కడుందో చూడండి. జెల్‌ని బ్లేడుతో నిలువుగా కోసి కాల్సీన్-ఏఎం, ప్రొపిడియం అయొడైడ్ రంగులు పట్టించండి. బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా వెలుగుతాయి. కోసిన ముఖం మీద బ్లేడుకు నలిగిన కణాలు ఎటూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి ఫోకస్ కాస్త లోపలికి దించి చూడండి.

ఎర్ర చుక్కలు అంతటా చెల్లాచెదురుగా ఉంటే తప్పు జెల్ కలిపేటప్పుడే జరిగింది. జెల్ తయారుచేసే ప్రొటీన్ కొలాజెన్ ఆమ్లంలో వస్తుంది. మంచు మీదే సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.2-7.4కి తెచ్చాకే కణాలు కలపాలి.

పైన ఆకుపచ్చ, కింద గీత గీసినట్టు ఎరుపు ఉంటే ఆక్సిజన్ అందట్లేదు. హై గ్లూకోజ్ డీఎంఈఎంలో (కణాలు పెరిగే పోషక ద్రవం, అంటే మీడియా) గ్లూకోజ్ 25 మిల్లీమోలార్, కరిగిన ఆక్సిజన్ 0.2 కూడా ఉండదు. ముందు అయిపోయేది ఏదో వేరే చెప్పక్కర్లేదు.

మరి సిమ్యులేషన్ ఎందుకు పట్టుకోలేదు? జెల్ పైముఖం దగ్గరే ఆక్సిజన్ నిండుగా ఉందని బౌండరీ కండిషన్ (అంచు దగ్గర విలువ ఇంత అని ముందే పెట్టే షరతు) పెట్టేశారు కాబట్టి. ఆ పైన కదలకుండా నిలిచిన మీడియాని లెక్కలోకే తీసుకోలేదు. సిక్స్-వెల్ ప్లేటులో 2 మి.లీ. మీడియా పోస్తే సుమారు 2 మి.మీ. ఎత్తు నిలుస్తుంది. ఆక్సిజన్ ఆ మందం దాటుకుని రావాలి.

లెక్క ఇలా వేయండి. మిల్లీలీటరుకు కోటి కణాలు, ఒక్కో కణం సెకనుకు 50 అట్టోమోల్స్ (పికోమోల్‌లో పది లక్షో వంతు ఒక అట్టోమోల్) ఆక్సిజన్ తింటుందనుకుందాం. 2 మి.మీ. మందం జెల్‌కి చదరపు సెంటీమీటరుకు సెకనుకు 100 పికోమోల్స్ కావాలి. 2 మి.మీ. నిశ్చల మీడియా ఎంత లాగినా 26 దగ్గరే ఆగుతుంది. మీడియాని లెక్కలోంచి వదిలేస్తే మోడల్‌లో బతికే పొర 1.2 మి.మీ. మీడియాని కలిపితే 0.45 మి.మీ.కి పడిపోతుంది. కణాలు పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. మొదటి రోజు బాగున్న జెల్ నాలుగో రోజు అడుగున ఎర్రబడటానికి కారణం ఇదే.

అనుమానం తీరాలంటే కణాల సాంద్రత సగం చేసి మళ్లీ కోసి చూడండి. ఆకుపచ్చ పొర 1.4 రెట్లు పెరిగితే అడ్డు జెల్‌లోనే ఉంది. 1.8 రెట్లకు దగ్గరగా పెరిగితే దోషం మీడియాది.

మోడల్‌లో చేయాల్సింది: మీడియాని కూడా ఒక డొమైన్‌గా (మోడల్ లెక్కించే ప్రాంతంగా) గీయండి, ఆక్సిజన్ విలువ మీడియా పైఅంచున ఇవ్వండి, ప్లేటు అడుగున ఫ్లక్స్ (ఆక్సిజన్ ప్రవాహం) సున్నా పెట్టండి. పేపర్లలో కనిపించే 0.2 మిల్లీమోలార్ సముద్రమట్టం విలువ. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 0.19 దగ్గర వేసుకోవచ్చు. దీని మీద గంటలు వాదించుకునేవాళ్లున్నారు. మీడియా ఎత్తు తెచ్చే తేడా ముందు ఇదెంత!

ప్రయోగంలో అన్నిటికన్నా చవకైన మందు ప్లేటుని ఆర్బిటల్ షేకర్ మీద 50 ఆర్‌పీఎంలో తిప్పడం. షేకర్ లేకపోతే మీడియా 1 మి.మీ.కి తగ్గించండి, పొర 0.7 మి.మీ.కి పెరుగుతుంది. కాకపోతే రోజూ మార్చాలి, ఆరిపోకుండా చూసుకోవాలి. అడుగున పీడీఎంఎస్ (ఆక్సిజన్‌ని లోపలికి రానిచ్చే సిలికోన్) పొర ఉన్న ప్లేటు దొరికితే ఆక్సిజన్ రెండు వైపుల నుంచీ వస్తుంది.

సమస్య: మోడల్‌లో ఆక్సిజన్ మైనస్‌లోకి పోతోంది

ఆక్సిజన్ అయిపోయినా కణాలు అదే వేగంతో తింటున్నట్టు రాసి ఉంటారు. స్థిర రేటు తీసేసి మైకేలిస్-మెంటెన్ (ఆక్సిజన్ తగ్గేకొద్దీ తినే వేగమూ తగ్గే సూత్రం) పెట్టండి. కేఎం (వేగం సగానికి పడే ఆక్సిజన్ గాఢత) 0.005 మిల్లీమోలార్‌తో మొదలుపెట్టొచ్చు.

సమస్య: సీ2సీ12 కణాలు కలిసి మయోట్యూబులు కావట్లేదు

మయోట్యూబులంటే కండ కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఏర్పడే పొడుగాటి గొట్టాలు. చాలాసార్లు తప్పు వారం ముందే జరిగి ఉంటుంది. శనివారం ఫ్లాస్కు వదిలేసి సోమవారం వచ్చి చూస్తే నిండిపోయి ఉంటుంది. అలా ఒకటికి రెండుసార్లు నిండితే కలిసే గుణమున్న కణాలు స్టాక్‌లో తగ్గిపోతాయి. 60-70 శాతం నిండగానే పాసేజ్ చేయాలి (కణాలను విడదీసి కొత్త ఫ్లాస్కుల్లోకి మార్చాలి). పాత స్టాక్‌ని సాగదీయకుండా ఫ్రీజ్ చేసిన తొలి పాసేజ్ వయల్ తీయండి. ట్యూబులు కావాలనుకున్న ప్లేటు 80-90 శాతం నిండాక మీడియాని 2 శాతం హార్స్ సీరం (గుర్రం రక్తం నుంచి తీసిన ద్రవం) ఉన్నదానికి మార్చితే నాలుగైదు రోజుల్లో పొడుగాటి ట్యూబులు కనిపిస్తాయి. కనిపించాక మీడియాని గోడ వెంట మెల్లగా వదలండి. ధారగా పోస్తే చాపలా లేచిపోతాయి.

సమస్య: గేదె కండ కణాలు పెరగట్లేదు, ఫైబ్రోబ్లాస్టులే ప్లేటు నిండా

కండతోపాటు వచ్చే బంధన కణజాలపు కణాలైన ఫైబ్రోబ్లాస్టులు త్వరగా అంటుకుంటాయి. ఆ తొందరనే వాడుకోండి. కోటింగ్ లేని ఫ్లాస్కులో గంటసేపు ఉంచి, అంటుకోకుండా తేలుతున్న కణాలను కోటింగ్ వేసిన ఫ్లాస్కులోకి మార్చండి. ఒక్కసారికి శుభ్రపడకపోతే మళ్లీ చేయండి. నిజంగా కండ కణాలేనా అన్నది డెస్మిన్ (కండ కణాల్లో ఉండే ప్రొటీన్) స్టెయిన్‌తో తేల్చుకోండి.

అయినా మందకొడిగా ఉంటే మీడియాలో కలిపే ఎఫ్‌జీఎఫ్2 (కణాలను పెరిగేలా చేసే ప్రొటీన్) మీద కన్నేయండి. మామూలు ఎఫ్‌జీఎఫ్2 37 డిగ్రీల దగ్గర ఒక్క రోజులోనే చాలావరకు పనికిరాకుండా పోతుంది. సోమవారం కలిపిన మీడియా బాటిల్‌ని వాటర్ బాత్‌లో మళ్లీ మళ్లీ వేడిచేస్తూ గురువారం దాకా వాడితే, అందులో మిగిలేది ఖర్చు మాత్రమే. ఆ రోజుకి కావలసినంతే కలపండి, లేదా వేడికి నిలిచే రకం కొనండి.

సమస్య: వానాకాలంలో ప్లేట్లలో బూజు

పెన్-స్ట్రెప్ (పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ మిశ్రమం) బాక్టీరియాకే తప్ప బూజుకి పనిచేయదు. ఇంక్యుబేటర్ ట్రేలో బోరు నీళ్లు పోయడం మానేసి, ఆటోక్లేవ్ చేసిన డిస్టిల్డ్ వాటర్ వారానికోసారి మార్చండి. కబేళా శాంపిల్‌కి మొదటి కొన్ని రోజులు మిల్లీలీటరుకు 2.5 మైక్రోగ్రాముల ఆంఫోటెరిసిన్ బి (బూజుని చంపే మందు) చాలు. ఆపైన కొనసాగిస్తే కణాలకే దెబ్బ. బూజు పట్టిన ప్లేటుని మూత తీయకుండానే బ్యాగులో వేసి ఆటోక్లేవ్‌కి పంపేయండి.