పాలీహౌస్ కీరకు పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టడం ఎలా?

క్రేటు మీద క్యూఆర్ కోడ్ అంటించడం ఐదు నిమిషాల పని. స్కాన్ చేసినవాళ్లకు ఏం కనబడుతుందో మాత్రం విత్తనం వేసిన రోజే తేలిపోతుంది. కోనసీమలో, కడియం చుట్టుపక్కల పాలీహౌస్‌లో గింజల్లేని కీరదోస వేసేవాళ్లు రికార్డు ఇలా మొదలుపెట్టవచ్చు.

1. పాలీహౌస్‌ను బ్లాకులుగా విడదీసి నంబర్లు వేయండి. విత్తనం ప్యాకెట్ మీది లాట్ నంబరు ఫోటో తీసి, అది ఏ బ్లాకులో వేశారో రాయండి.

2. మట్టికి బదులు కీర మొక్కలు పెంచే సంచుల్లో, కొబ్బరి పొట్టు మన దగ్గర దొరికేదే కదా అని నేరుగా నింపేస్తుంటారు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పొట్టులో సోడియం, పొటాషియం లవణాలుంటాయి. ఉప్పునీటిలో నానబెట్టిన పీచు తాలూకు పొట్టయితే మరీ ఎక్కువ. కారే నీటి ఈసీ (నీటిలో లవణాలు ఎంత ఉన్నాయో చెప్పే కొలత) సెంటీమీటరుకు 0.5 మిల్లీసీమెన్స్ కన్నా తగ్గేదాకా మంచినీళ్లతో కడగండి. తర్వాత కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి మళ్లీ కడగండి. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లే దిక్కు. సముద్రం దగ్గరి ఊళ్లలో అవి ఉప్పగా ఉంటాయి కాబట్టి, నీళ్లు మారిన ప్రతిసారీ ఈసీ చూసి తేదీతో సహా రాయాలి.

3. రోజూ ఒక డ్రిప్పర్ కింద సీసా, ఒక సంచి కింద పళ్లెం పెట్టండి. సీసాలోది మనం ఇచ్చే ఎరువు నీరు, పళ్లెంలోది మొక్క తాగగా మిగిలింది. సీసాలో ఈసీ 2 ఉండి పళ్లెంలో 3 దాటిందంటే వేళ్ల దగ్గర ఉప్పు పేరుకుంటోంది. ఆకు కాస్త వాడిందని ఎరువు పెంచకండి, ద్రావణం పలచన చేసి నీళ్లు ఎక్కువ వదలండి. పీహెచ్ (నీటి పులుపు, క్షార గుణం చెప్పే కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే చాలు.

4. తేమ సెన్సర్‌ను ఎండ తగలకుండా, మొక్కల తలల ఎత్తులో, మధ్యలో వేలాడదీయండి. పక్క తెరల దగ్గర కడితే బయటి గాలి లెక్కే చూపిస్తుంది. మన ఉక్కపోతకు రాత్రి తేమ 90 శాతం దాటి గంటల తరబడి నిలిస్తే బూజు తెగులుకు దారి తీసినట్టే. సాయంత్రం డ్రిప్ తొందరగా ఆపండి, తెల్లారగానే తెరలు ఎత్తండి.

5. మందు కొట్టిన రోజే దాని పేరు, మోతాదు, బ్లాకు నంబరు రాయండి. లేబుల్ మీద ఉన్న నిరీక్షణ కాలం (మందు కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులు) పూర్తయ్యేదాకా ఆ బ్లాకుకు ఎర్ర రిబ్బన్ కట్టండి. కోతకు వచ్చే కూలీలు పుస్తకం తిరగేయరు, రిబ్బన్ చూస్తారు.

6. రెండు బ్లాకుల కాయలు ఒక క్రేటులో కలపకండి. క్రేటుకు బ్లాకు, కోత తేదీ కలిపి బ్యాచ్ నంబరు ఇవ్వండి: రెండో బ్లాకు, జూన్ 14 అయితే బి2-1406. దానికి సంబంధించిన వివరాలను గూగుల్ షీట్‌లో ఎక్కించి, ఆ లింకుతోనే క్యూఆర్ కోడ్ చేయవచ్చు, ఖరీదైన యాప్ అక్కర్లేదు.

మొదటి లోడు వెళ్లేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఏదో ఒక క్రేటు తీసి, ఆ కాయల విత్తనం లాటు, చివరి మందు తేదీ, అవి వెళ్లే దుకాణం గంటలోపు చెప్పగలరా చూడండి. ఎక్కడ ఆగిపోయారో ఆ కాలమ్ పుస్తకంలో కొత్తగా గీయండి.