గుండు చేయించాక తలకు నూనె: నడివేసవి కత్తిరి ఎండలకు ముందే తెలుసుకోవాల్సినవి

తిరుపతిలో ఇల్లుంటే పిల్లల పరీక్షలు అయిపోగానే చుట్టాలు దిగుతారు. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని, గంధం పూసిన గుండ్లతో కొండ దిగి మా ఇంటికి వస్తారు. కాఫీ తాగుతూనే ఎవరో ఒకరు అడుగుతారు: "వదినా, ఈసారి జుట్టు ఒత్తుగా రావాలంటే ఏం నూనె పెట్టాల?" ఏ నూనె అన్నది తర్వాతి సంగతి. ముందు ఎప్పుడు పెట్టకూడదో తెలియాలి. ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను.

రెండేళ్ల కిందట మా చెల్లెలి కొడుక్కి పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించాం. ఆ రాత్రే ఇంట్లో పెద్దవాళ్లు చలువ చేస్తుందని చిక్కటి ఆముదం మాడంతా దట్టంగా పట్టించి, పైన గుడ్డ టోపీ పెట్టారు. నేనూ పక్కనే ఉన్నాను, వద్దనలేదు. మూడో రోజుకు మెడ వెనక, చెవుల పైన ఎర్రగా పొక్కులు లేచాయి. ఒక్కో దాని కొసన ఆవగింజంత తెల్లటి చీము. బిడ్డ తల దిండు మీద ఆనించలేక అటూ ఇటూ తిప్పుకుంటూ ఏడ్చాడు. డాక్టరమ్మ చూసి మొదట చెప్పింది నూనె ఆపమనే.

బ్లేడు ఎంత కొత్తదైనా తల మీద కంటికి కనపడని గీతలు పడతాయి. వాటి మీద చిక్కటి నూనె పూస్తే, చెమట, దుమ్ము దాని కింద చిక్కుకుని వెంట్రుకల కుదుళ్లలో చీము పడుతుంది. మన ఊరి ఎండకు అది ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకే గుండు చేయించాక కనీసం వారం రోజులు ఏ నూనే వద్దు. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరనిస్తే చాలు. గంధం పూసుకోవాలనుకుంటే ఇంట్లో సాన మీద అరగదీసింది పూసుకోండి. రంగు, సెంటు కలిసిన పొడులు గీతల మీద భగ్గుమంటాయి. ఎండలోకి వెళ్లేటప్పుడు తలపై పలచటి నూలు గుడ్డో టోపీయో ఉండాలి. నూనె ఎండను ఆపదు.

వారం తర్వాత గీతలు మాని, పొక్కులేమీ లేకపోతే కొబ్బరి నూనె మొదలుపెట్టొచ్చు. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని తల మీద నిమిరితే చాలు. ఏడాదిన్నర లోపు పిల్లలకు నడినెత్తి ఇంకా మెత్తగానే ఉంటుంది, అక్కడ గట్టిగా నొక్కి మర్దన చేయకండి. పెద్దవాళ్లయినా స్నానానికి అరగంట, గంట ముందు పెట్టుకుని కడిగేసుకోవడమే ఈ ఎండలకు మేలు. చుండ్రు ఉన్నవాళ్లు రాత్రంతా నూనెతో పడుకోవద్దు. చుండ్రుకు కారణమయ్యే ఫంగస్‌కు ఆ నూనే ఆహారం.

చాలామంది అనుకునే రెండు విషయాలు ఇక్కడ చెప్పాలి. గుండు చేయిస్తే జుట్టు లావుగా వస్తుందంటారు. వెంట్రుక కుదురు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు దాన్ని తాకదు. మొద్దుగా తెగిన కొస పైకి రావడం వల్ల చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. రెండోది, నూనె జుట్టును మొలిపిస్తుందన్నది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, నూనె పెట్టినా పెట్టకపోయినా. కొబ్బరి నూనె చేసే మేలు వేరు. అది వెంట్రుక లోపలికి దిగి అందులోని ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదని 2003లో అచ్చయిన ఒక పరిశోధన చూపింది. పెరిగిన జుట్టు తెగకుండా నిలిస్తేనే ఒత్తుగా కనిపిస్తుంది.

ఇంట్లో కాచే నూనెల్లో మా అమ్మ పద్ధతే నాది. గుంటగలగర, కరివేపాకు, మందారపూలు కడిగి, నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టాలి. తడి ఆకు కాగే నూనెలో పడితే చిటపటమని మొహం మీదికి ఎగురుతుంది. నూనెలో ఆ తడి మిగిలితే నాలుగు రోజులకే ముక్క వాసన వస్తుంది. అలా చెడిన నూనె తలకు పెట్టకండి. కాచేటప్పుడు పిల్లల్ని వంటింట్లోకి రానివ్వొద్దు.

కొనేటప్పుడు గానుగ నూనె, కానుగ నూనె ఒకటి కావని గుర్తుంచుకోండి. గానుగలో ఆడించింది ఏ గింజ నూనైనా గానుగ నూనే. కానుగ నూనె మాత్రం కానుగ చెట్టు గింజలది, దీపాలకు వాడేది, చేదు, తినకూడనిది. అందుకే "గానుగలో ఆడించిన కొబ్బరి నూనె" అని పూర్తిగా అడగండి.

ఇక అసలు భయపడాల్సినవి. నూనెలో కర్పూరం కలిపి పసిపిల్లల తలకు, రొమ్ముకు రాసే అలవాటు మనలో ఉంది. కర్పూరం చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళుతుంది, నోట్లోకి కొంచెం పోయినా పిల్లలకు ఫిట్స్ వస్తాయి. దయచేసి మానేయండి. వేపనూనె కూడా పసిబిడ్డల కడుపులోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ సీసాలు తాగే మందుల పక్కన పెట్టకండి. పేనుకొరుకుడుకు గురివింద గింజ అరగదీసి పెట్టడం, నల్లజీడి రసం పూయడం ఇంకా చాలా ఊళ్లలో ఉంది. గురివింద గింజలో ఉన్నది విషం. నల్లజీడి చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది, ఆ మచ్చ మీద ఇక జుట్టే రాకపోవచ్చు. పేనుకొరుకుడు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నూనెలో నిమ్మరసం కలిపి పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి నల్లమచ్చలు పడతాయి.

ఇప్పుడు అందరి నోటా రోజ్‌మెరీ నూనె. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో వంద మంది మగవాళ్ల మీద ఆరు నెలలు చూస్తే, అది జుట్టు రాలడానికి తలకు పూసే మందు, రెండు శాతం మినాక్సిడిల్‌తో సమానంగా పనిచేసింది. ఆశ కలిగించేదే కానీ అది ఒక్క చిన్న అధ్యయనం. ఆ ఘాటు నూనె నేరుగా తలకు తగలకూడదు. పెద్ద చెంచా కొబ్బరి నూనెకు మూడు చుక్కలు చాలు. ముందు మోచేతి మడతలో పూసి ఒక రోజు చూడండి. గర్భిణులు డాక్టర్‌ను అడక్కుండా వాడొద్దు, చిన్నపిల్లలకు అసలే వద్దు.

పొడుగు జుట్టున్నవాళ్లు ఆముదం ఒక్కటే పెట్టి తల రుద్దుకుంటే జుట్టు గూడులా అల్లుకుపోయి కత్తిరించాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. రెండు పాళ్ల కొబ్బరి నూనెలో ఒక పాలు ఆముదం కలిపినా మాడుకే పరిమితం చేయండి.

కాన్పయ్యాక, పెద్ద జ్వరం తగ్గాక రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా రాలుతుంది. అది ఆగి మళ్లీ వస్తుంది, నూనెలు మార్చుకుంటూ హైరానా పడకండి. గుండ్రటి బోడి మచ్చలు, పొలుసులు, చీము కనిపిస్తే మాత్రం మన తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. వెళ్లే రోజు తలకు నూనె పెట్టుకోకండి, డాక్టరుకు మాడు పొడిగా కనపడాలి.