సిస్‌లాగ్ సందేశాల అమరిక, పరీక్ష

యూపీఎస్‌లో ఉండే నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ కార్డు గానీ, రాక్‌లోని స్విచ్ గానీ సంఘటనలను తన మెమరీలో రాసుకుంటుంది. ఆ చోటు పరిమితం కాబట్టి, నిండగానే పాత నమోదులు చెరిగిపోతాయి. అందుకే సందేశాలను ఎప్పటికప్పుడు వేరే సర్వర్‌కు పంపే సిస్‌లాగ్‌ను అమర్చుకోవాలి.

ముందుగా పరికరం గడియారాన్ని ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) సరిచేయండి. సిస్‌లాగ్ సందేశం రూపాన్ని వివరించే పాత పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3164 పద్ధతిలో పంపిన సందేశంలో సంవత్సరం గానీ, టైమ్‌జోన్ గానీ ఉండవు కనుక, గడియారం తప్పితే ఏ సంఘటన ముందో ఏది వెనకో తేల్చుకోలేం. తర్వాత సిస్‌లాగ్ పేజీలో సర్వర్ చిరునామా, యూడీపీ (డేటాను పంపే ఒక సాదా పద్ధతి) పోర్టు 514 ఇవ్వండి. సర్వర్ పేరుకు బదులు ఐపీ అడ్రసు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పేరును ఐపీ అడ్రసుగా మార్చే డీఎన్‌ఎస్ పడిపోయిన రోజున కూడా లాగ్‌లు చేరాలి. సందేశాలు నమ్మకం లేని నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంటే, పరికరంలో వీలున్నప్పుడు డేటాను గుప్తీకరించే టీఎల్‌ఎస్, పోర్టు 6514 వాడండి.

ఎక్కువమంది పొరబడేది తీవ్రత స్థాయి దగ్గరే. స్థాయిలు 0 నుంచి 7 వరకు ఉంటాయి. అంకె ఎంత చిన్నదైతే ప్రమాదం అంత పెద్దది: 0 ఎమర్జెన్సీ, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 7 డీబగ్. హద్దును 4 దగ్గర పెడితే 0 నుంచి 4 వరకు ఉన్నవే వెళ్తాయి. 5, 6, 7 ఆగిపోతాయి. ఫెసిలిటీకి (సందేశం ఏ విభాగానిదో చెప్పే గుర్తు) లోకల్0 నుంచి లోకల్7 వరకు ఏదైనా ఎంచుకోవచ్చు, వాటి కోడ్‌లు 16 నుంచి 23.

ఇక పరీక్ష. యూడీపీలో అందినట్టు తిరుగు కబురు రాదు కాబట్టి, పరికరం "పంపాను" అని చూపినంత మాత్రాన నమ్మకండి. సర్వర్ వైపు టీసీపీడంప్‌తో (నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే సాధనం) పోర్టు 514ను చూస్తూ పరీక్ష సందేశం పంపండి. ఫెసిలిటీ కోడ్‌ను 8తో గుణించి తీవ్రత కలిపితే వచ్చే సంఖ్య సందేశం మొదట్లోనే ఉంటుంది. లోకల్0, వార్నింగ్ అయితే 16×8+4, అంటే <132> కనబడాలి. అక్కడ <134> ఉంటే అది ఇన్ఫర్మేషనల్ స్థాయి, అంటే పరికరంలో తీవ్రతల జోడింపు తప్పిందన్నమాట.

ప్యాకెట్ అసలు రాకపోతే ఫైర్‌వాల్‌ను, రూటింగ్‌ను చూడండి. ప్యాకెట్ వచ్చినా ఫైలులో పడకపోతే లోపం సర్వర్‌లోనే ఉంది. సర్వర్‌లో లాగ్‌లను అందుకునే ప్రోగ్రామ్ ఆర్‌సిస్‌లాగ్ అయితే, అందులో యూడీపీని వినే మాడ్యూల్ ఆన్ చేయకపోవడం తరచూ కారణమవుతుంది.

కొన్ని పరికరాల్లో టెస్ట్ బటన్ సందేశాలు తీవ్రత హద్దును దాటుకుని నేరుగా వెళ్లిపోతాయి. అందుకే నిజమైన సంఘటనను కూడా పుట్టించి చూడండి: తప్పు పాస్‌వర్డ్‌తో ఒకసారి లాగిన్ కావడానికి ప్రయత్నించండి, లేదా ముఖ్యమైన పని నడవని పోర్టు కేబుల్‌ను తీసి మళ్లీ పెట్టండి. హద్దుకు లోబడినది చేరాలి, లోబడనిది చేరకూడదు. రెండూ చూస్తేనే పరీక్ష పూర్తయినట్టు. చివరిగా అమరికను సేవ్ చేసి, వీలైన సమయంలో పరికరాన్ని రీస్టార్ట్ చేసి, మరో సందేశం పంపి అదే ఫైలులో వెతకండి.