పాళెగాడి ఇంట్లో చల్లారిన ప్రేమను కథలో మళ్లీ ఎలా రాజేయాలి?

కొత్తగా పుట్టే ప్రేమను రాయడం సులువే. పెళ్లయి పదేళ్లు గడిచి, ఒకే ఇంట్లో ఉంటూ మాటలు తెగిపోయిన ఇద్దరిని మళ్లీ దగ్గర చేయడం మాత్రం చాలా కష్టం. వాళ్లు ఒక పాళెగాడు (సొంత బంట్లతో కొన్ని ఊళ్ల పాళెం మీద పెత్తనం చేసిన స్థానిక దొర), ఆయన భార్య అయితే మరీ కష్టం, ఎందుకంటే ఆ ఇంట్లో మనసు విప్పి పోట్లాడుకోవడానికి కూడా చోటు దొరకదు. చారిత్రక ప్రేమకథ అనగానే చాలామంది ఎక్కడో ఎడారి కోటల వైపు చూస్తారు, నాకది బాధగా ఉంటుంది. గుత్తి, గండికోట, సిద్ధవటం మన కళ్ల ముందే ఉన్నాయి కదా!

ముందు సంవత్సరం తేల్చుకోండి

"పూర్వం ఒకానొక కాలంలో" అని మొదలుపెడితే కథకు కాళ్లు ఉండవు. నన్నడిగితే 1800 తర్వాత రెండు మూడేళ్లు పట్టుకోండి. నిజాం ఈ రాయలసీమ ప్రాంతాన్ని కుంఫిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, అప్పజెప్పింది 1800లో, దత్త మండలాలన్న పేరు అప్పుడే వచ్చింది. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పాళెగాళ్ల బలగాన్ని రద్దు చేశాడు, లొంగినవాళ్లకు పింఛను ఇచ్చాడు, ఎదురుతిరిగినవాళ్ల మీదికి సైన్యాన్ని పంపాడు. తాతల నాటి నుంచి కత్తి పట్టిన మనిషి ఒక్కసారిగా నెలనెలా కలెక్టరు కచేరీ ఇచ్చే డబ్బు కోసం ఎదురుచూసేవాడయ్యాడు. అలాంటి ఇంట్లో భార్యాభర్తల మధ్య ఏం జరిగి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి, సగం కథ అక్కడే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. కర్నూలు పట్నంలో పెట్టుకుంటే లెక్క మారుతుంది, అక్కడ 1839 దాకా నవాబు పాలనే. కోయిలకుంట్ల, కడప, గుత్తి వైపు అయితే ఇబ్బంది లేదు.

ఎడబాటుకు ఒకే ఒక్క కారణం పెట్టండి, దాన్ని ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకోవాలి

అసలు పని ఇక్కడుంది. అపార్థం, దొంగ ఉత్తరం, ఇంకో స్త్రీ... ఇవన్నీ తేలికగా వస్తాయి, తేలికగానే తేలిపోతాయి. ఇద్దరిదీ న్యాయమే అనిపించే గాయం కావాలి.

ఉదాహరణకు మన కథలో వాళ్లకు ఓబులప్ప, చెన్నమ్మ అని పేర్లు పెట్టుకుందాం. మేనరికం పెళ్లి. చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తెలుసు, ఆమె ఆయన్ని "బావా" అనే పిలుస్తుంది. చెన్నమ్మ తండ్రి కుంఫిణీకి లొంగలేదు, గుత్తి కోటలో ఖైదయ్యాడు. అదే నెలలో ఓబులప్ప పింఛను ఒప్పుకుని ఆయుధాలు అప్పగించి వచ్చాడు. ఆమె దృష్టిలో తన తండ్రి ఖైదులో ఉంటే భర్త తల వంచాడు. ఆయన దృష్టిలో, ఖైదులో ఉన్నది సొంత మేనమామ, ఆయన ఒక్కడి కోసం ఊరినీ తన్ను నమ్ముకున్న కట్టుబడి బంట్లనూ (పాళెం కొలువులోని కాపలా భటులనూ) ఫిరంగుల ముందు నిలబెట్టలేకపోయాడు. ఇద్దరికీ ఒకే దుఃఖం, కానీ కలిసి ఏడ్చే వీలు లేదు. ఇద్దరిలో ఎవరిది తప్పో రాసేవాళ్లు తేల్చకూడదు.

మొదటి పాతిక పేజీల్లోనే వాళ్లకు ఒకప్పుడు ఎంత ప్రేమ ఉండేదో పాఠకుడికి ఒక చిన్న సంగతితో చూపించండి. పెద్ద ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు. పోయింది ఏమిటో తెలియకపోతే తిరిగి వచ్చినప్పుడు ఎవరికీ పట్టదు.

ఇంటిని జనంతో నింపండి

దొర, దొరసాని ఇద్దరే పెద్ద హాల్లో నిలబడి మాట్లాడుకునే సీన్ సినిమాలో నడుస్తుంది, కథలో నమ్మబుద్ధి కాదు. అత్తగారు, విధవ ఆడబిడ్డ, వంటమనిషి, లెక్కలు చూసే కరణం, చావడిలో పనిలేక కూర్చున్న పాత బంట్లు, వీళ్లందరి మధ్య మాట నడవాలి. "దొరకు సంగటి పంపమంటారా అని అడిగిరా" అని ఆమె దాసితో కబురు పెడుతుంది, ఆయన ఆకలి లేదని అదే దాసితో చెప్పి పంపుతాడు. ఇద్దరూ నాలుగు గజాల దూరంలోనే ఉంటారు. ఆ దాసికి వీళ్లిద్దరి మీదా ఒక అభిప్రాయం ఉంటే ఇంకా బాగుంటుంది.

మొదటి మలుపు పనిలోంచి రావాలి

జ్వరం వస్తే సేవ చేయడం, వానలో తడవడం, గుర్రం మీంచి పడిపోతుంటే పట్టుకోవడం లాంటివి దయచేసి వదిలేయండి. పాత ప్రేమ మళ్లీ రావాలంటే, ఎదుటి మనిషిలో తను ఇన్నాళ్లూ చూడనిది ఒకటి కనబడాలి.

ఆ రోజుల్లో లెక్కలు కడితం మీద రాసేవారు. బట్టకు బొగ్గుపొడి, చింతగింజల జిగురు పట్టించి నల్లగా చేసి, మడతలు పెట్టి, బలపంతో రాసేవారు. తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. ఓబులప్ప ఒక రాత్రి ఆముదం దీపం ముందు కడితం విప్పుతాడు. బంట్లకు ఇచ్చిన జొన్నల లెక్క అక్షరాలు కరణంవి కావు, చెన్నమ్మవి. పింఛను డబ్బుకు ఆ జొన్నలు రావు, ఆ సంగతి ఆయనకు తెలుసు. పైమడతలో ఏదో రాసి తుడిచిన చోట తెల్లటి మరక ఉంది. దీపం దగ్గరికి జరిపి చూస్తే "వడ్డాణం" అన్న మాట సగం కనిపిస్తుంది. ఆయన పంపించేశాననుకున్న బంట్ల పిల్లలకు ఏడాదిగా ఆమే తిండి పెడుతోంది. ఆయన ఎవరి కోసం తల వంచాడో వాళ్ల కోసమే ఆమె నగ అమ్మింది.

ఇక్కడ ఆయన్ని పరుగెత్తించి ఆమె కాళ్ల మీద పడేయకండి. కడితం మడిచి పెట్టి, పొద్దున చెరువు కింద కౌలు లెక్క ఎంతని ఆమెను అడగనివ్వండి, అదీ దాసి చేత కాకుండా నేరుగా. చాలాకాలం తర్వాత ఆయన ఆమెతో మాట్లాడిన మొదటి మాట కౌలు లెక్క గురించి కావడమే ఈ సీన్‌కు బలం.

దొరసానికి అక్షరాలు ఎలా వచ్చాయని ఎవరైనా అడిగితే టెన్షన్ పడకండి. తాళ్లపాక తిమ్మక్క, మొల్ల ఇద్దరూ కడప నేల కవయిత్రులే, అదీ ఈ కథకు చాలా ముందు కాలంలో.

క్షమాపణను ప్రయాణంగా మార్చండి

పెద్ద డైలాగులు వద్దు. కోయిలకుంట్ల వైపు నుంచి అవుకు మీదుగా గుత్తికి ఎద్దుల బండిలో మూడు నాలుగు రోజుల దారి. మామను చూడటానికి ఇద్దరూ బయల్దేరతారు. ఖైదులో ఉన్నవాడి ముందుకు పింఛను తీసుకున్న అల్లుడు వెళ్లడం కంటే పెద్ద క్షమాపణ ఏముంటుంది? నల్లరేగడిలో బండి దిగబడి ఇద్దరూ దిగాల్సి వచ్చినప్పుడు, మీరు, దొరగారు అన్నీ పోయి ఆమె నోట "బావా, ఆ చక్రం చూడు" అని రావాలి. కథ మూడింట రెండు వంతులు దాటేదాకా ఆ పిలుపు రానివ్వకండి. ఆ తర్వాత పడకటింటి సీన్ రెండు పేరాలు చాలు.

వివరాలు సరిచూసుకోండి

ఆ కాలంలో పొలాల్లో కొర్రలు, జొన్నలు, పత్తి రాయండి. ఇప్పటి అనంతపురాన్ని చూసి ఎటు చూసినా వేరుశెనగ అని రాస్తే తప్పు. కిరసనాయిలు లాంతరు లేదు. కేసీ (కర్నూలు-కడప) కాలువ తవ్వింది 1860లలో, మద్రాసు నుంచి రైలు దారి రాయచూరు చేరింది 1871లో, కాబట్టి అవీ మీ కథలో కనిపించకూడదు. కుంఫిణీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, చదవండి, ఊరూరి పాళెగాళ్ల వంశాలు, తగాదాలు, చెరువులు అందులో దొరుకుతాయి. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్లిరండి.

ఇక ముగింపులో పాళెం తిరిగి ఇప్పించకండి, మామను విడిపించకండి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడేనాటికి కూడా పాళెగాళ్ల వారసులకు పింఛను గొడవ తీరలేదు. ఓబులప్ప, చెన్నమ్మ అప్పులతోనే ఇంటికి రావాలి, మర్నాడు చావడిలో బంట్లందరి ముందు ఆమె పక్కన కూర్చుని ఆయన లెక్క చదివించుకోవాలి, అత్తగారు అది చూసి ముఖం తిప్పుకోవాలి.