విశాఖలో స్వచ్ఛంద సేవను పరిశీలించడం, దానికి తోడ్పడడం ఎలా?

ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం తొలిపావంచా (కొండ మెట్లలో మొదటిది) దగ్గర కొబ్బరికాయ కొట్టి గిరిప్రదక్షిణకు బయలుదేరే భక్తులు కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారి పొడవునా మంచినీళ్లు, మజ్జిగ, పండ్లు, పులిహోర పంచుతూ తెల్లవార్లూ నిలబడేవారిలో చాలామందికి ఏ సంస్థతోనూ సంబంధం ఉండదు. వీధిలో నలుగురూ చందాలు వేసుకుని, ఒక షామియానా వేయించి, నీళ్ల డ్రమ్ములు తెచ్చిపెట్టుకుని పని మొదలుపెడతారు. నగరంలో స్వచ్ఛంద సేవ ఏ తీరున సాగుతున్నదో తెలుసుకుని దానికి తోడ్పడదలచినవారు రిజిస్టరైన సంస్థల జాబితా పట్టుకుని తిరిగితే ఈ షామియానాలలో ఒక్కటీ లెక్కలోకి రాదు. కాలేజీ ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) విభాగమైనా, అపార్ట్‌మెంటు సంఘమైనా, పరిశోధక విద్యార్థి అయినా ముందుగా వెతకవలసినవి పనులు. వాటి వెనుక సంస్థ ఉందా లేదా అన్నది తరువాత చూసుకోవచ్చు.

నగరమంతటినీ ఒకేసారి పరిశీలించాలనుకుంటే ఏదీ సరిగా తెలియదు. ఒక వార్డునో, ఒక పనినో ఎంచుకుని ఏడాది పాటు వెంట ఉండడం మేలు, ఎందుకంటే ఇక్కడి సేవాకార్యక్రమాలు అన్ని నెలల్లోనూ ఒకే తీరుగా సాగవు. వేసవిలో చలివేంద్రాలు వెలుస్తాయి. శీతకాలం నుంచి వేసవి ఆరంభం దాకా ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లు తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి కనుక, తీరంలో సేవ చేసేవారు ఆ నెలల్లో జాగ్రత్తగా మెలగాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవల మీద వేట నిషేధం ఉంటుంది కనుక, పెదజాలారిపేటలోనో ఫిషింగ్ హార్బరు దగ్గరో మత్స్యకారులతో తీరికగా మాట్లాడడానికి అదే అనువైన కాలం. గాజువాక, ఉక్కునగరం వైపు షిఫ్టు డ్యూటీల వారు ఎక్కువ. ఆదివారం ఉదయం సమావేశం పెట్టి, ఎవరూ రాలేదు కాబట్టి అక్కడ సేవాభావం తక్కువని రాసుకోవడం అన్యాయం. నైట్ షిఫ్టు దిగినవారు ఆ వేళకు నిద్రపోతుంటారు.

ప్రశ్నావళి తయారీలో మరింత జాగ్రత్త అవసరం. “మీరు వాలంటీరుగా పనిచేశారా?” అని అడగకూడదు. 2019లో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ వచ్చినప్పటినుంచి మన రాష్ట్రంలో ఆ మాట వినగానే ఇంటికి పింఛను తెచ్చి ఇచ్చిన, నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం అందుకున్న యువతీయువకులే గుర్తుకు వస్తారు; సాయంత్రాలు వీధి పిల్లలకు ఉచితంగా లెక్కలు చెప్పే పంతులుగారు సైతం “నేను కాదండీ” అంటారు. 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల 19వ సమావేశం ఆమోదించిన నిర్వచనం ప్రకారం, ప్రతిఫలం లేకుండా, నిర్బంధం లేకుండా, ఇతరుల కోసం చేసినది స్వచ్ఛంద పని. నాలుగు వారాల్లో లేదా ఒక నెలలో గంటసేపు చేసినా అది లెక్కకు వస్తుంది. దీనిని మన మాటల్లో ఇలా అడగవచ్చు: “గత నాలుగు వారాల్లో మీ ఇంటివారికీ చుట్టాలకూ కాక బయటివారికి, డబ్బు తీసుకోకుండా, ఏ పనైనా చేసిపెట్టారా?” ఆ వెంటనే కొన్ని పనులు పేరుపేరునా చదివి వినిపించాలి. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌కు వచ్చిన పొరుగూరి రోగికి ఓపీ చీటీ రాయించడం, వృద్ధులకు బ్యాంకు ఫారం నింపడం, గుడి దగ్గర వడ్డన చేయడం వంటివి వింటే గాని చాలామందికి తాము చేసినది జ్ఞాపకం రాదు. ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులకు రెండేళ్లలో 240 గంటల సేవ నిర్దేశితమై ఉంటుంది కనుక, ఆ గంటలను విడిగా నమోదు చేయాలి. మార్కుల కోసమో సర్టిఫికెట్టు కోసమో వచ్చినవారు తక్కువవారని కాదు గాని, రెండింటినీ కలిపితే ఏ లెక్కా తేలదు.

తోడ్పాటుకూ పరిశీలనకూ కలిపి పనికివచ్చే సాధనం ఒక రూళ్ల పుస్తకం. తేదీ, చేసిన పని, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఎదురైన ఇబ్బంది అని ఆరు గడులు గీస్తే చాలును. చివరి రెండూ తప్పక ఉండాలి. మధురవాడ నుంచి ఆర్.కె. బీచికి వచ్చే విద్యార్థికి ఆటో ఛార్జీలు ఎంత పడుతున్నాయో, దగ్గరలో మరుగుదొడ్డి లేక మహిళలు ఎంత త్వరగా వెళ్లిపోతున్నారో ఆ గడులే చెబుతాయి. మానేసినవారికి శ్రద్ధ తగ్గిందని నిర్వాహకులు తేలికగా అంటూ ఉంటారు. పుస్తకం తిరగేస్తే చాలా సందర్భాల్లో కారణం ఛార్జీల దగ్గరో, ఎండ దగ్గరో, పలకరించే మనిషి లేకపోవడం దగ్గరో దొరుకుతుంది. తీరం శుభ్రపరిచే పనినే తీసుకుంటే, ఇసుకలో కూరుకుపోయిన నైలాను వల ముక్కలు లాగితే రావు, చేతులు కోసుకుపోతాయి. మందపాటి తొడుగులు, కోయడానికి ఒక కత్తి, సగం వరకే నింపవలసిన గోతాలు, వాటిని తీసుకెళ్లడానికి నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బండి సిద్ధంగా ఉన్నప్పుడే జనం మరుసటి వారం కూడా వస్తారు. తాబేళ్ల గుడ్లను మాత్రం ఎవరూ ముట్టుకోరాదు. ఆ జీవికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది కనుక గుడ్లు కనబడితే అటవీ శాఖకు తెలియజేసి, వారి సిబ్బంది చెప్పినట్లు నడుచుకోవాలి.

పాత సంగతులు అడిగేటప్పుడు సంవత్సరాలు చెప్పమంటే పెద్దవారు తడబడతారు. “హుద్‌హుద్‌కు ముందా, తరువాతా?” అంటే ఠక్కున చెబుతారు. 2014 అక్టోబరు 12న ఆ తుపాను తీరం దాటాక, కూలిన చెట్లను ఎవరు నరికి దారి చేశారు, జనరేటరు ఉన్న ఇంట్లో ఎవరెవరి సెల్‌ఫోన్లు ఛార్జి అయ్యాయి, మంచినీళ్లు ఎవరు మోశారు అన్న ప్రశ్నలకు వీధికొక జవాబు వస్తుంది. విపత్తు వేళ ఎవరూ పిలవకుండానే ముందుకు వచ్చేవారి పేర్లు అలాంటి సంభాషణల్లోనే బయటపడతాయి.

వివరాలు తీసుకునే ముందు అవి దేనికి, ఎవరు చూస్తారు అన్నది తెలుగులో చెప్పి అనుమతి పొందాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అన్నం అందుకుంటున్నవారి ముఖాలు ఫోటో తీయడం పూర్తిగా మానుకోవాలి.

ఫలితాలను ఆంగ్లంలో ప్రాజెక్టు నివేదికగా కట్టి కాలేజీలో సమర్పిస్తే పని పూర్తయినట్లు కాదు. రెండు పుటల్లో తెలుగులో రాసి, జవాబులిచ్చినవారిని సామాజిక భవనంలో కూర్చోబెట్టి చదివి వినిపించండి. తప్పులు వారే దిద్దుతారు, వదిలేసినవి వారే చేరుస్తారు. ఛార్జీలకు ఎంత నిధి కావాలి, సమావేశం ఏ వేళకు మార్చాలి అన్నది ఆ సభలోనే తేల్చుకుని, రూళ్ల పుస్తకాన్ని వచ్చే ఏడాది బాధ్యత తీసుకునేవారికి అప్పగించండి.