కార్డు ఉన్నా ఓటు లేదంటే ఏం చేయాలి?

సమస్య: ఓటరు కార్డు చేతిలోనే ఉంది, పోలింగ్ కేంద్రంలో పేరు లేదంటున్నారు.

కార్డు మీరెవరో చెబుతుంది, అంతే. ఓటు వేయాలంటే జాబితాలో పేరు ఉండి తీరాలి. విశాఖలో ఈ చిక్కు ఎక్కువగా ఇల్లు మారినవారికే వస్తుంది. గాజువాకలో అద్దెకు ఉన్న కుటుంబం మధురవాడకు వెళితే ఊరు అదే అయినా నియోజకవర్గం మారిపోతుంది. మధురవాడ భీమిలి కిందకు వస్తుంది. పాత చిరునామాలో మీరు లేరని పరిశీలనలో తేలితే పేరు తొలగించవచ్చు. దానికి ముందు ఇచ్చే నోటీసు కూడా ఆ పాత ఇంటికే వెళ్తుంది.

పరిష్కారం ఫారం 8, అంటే చిరునామా మార్పు దరఖాస్తు. నియోజకవర్గం మారితే కొత్త ఓటరు నమోదుకు వాడే ఫారం 6 నింపాలని ఇప్పటికీ చాలామంది సలహా ఇస్తారు. అది 2022 ఆగస్టు 1కి ముందు మాట. పాత ఓటు ఉండగా ఫారం 6 పెడితే రెండు చోట్ల పేరు పడే ప్రమాదం ఉంది, అది చట్టవిరుద్ధం. పాత పేరు అప్పటికే తొలగిపోయి ఉంటే మాత్రం ఫారం 6 పెట్టాలి. అందుకే ముందుగా ఎన్నికల సంఘం వెబ్‌సైటులోనో, 1950కి ఫోను చేసో పేరు ఉందో లేదో చూసుకోండి. నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో మార్పులు చేయరు. దరఖాస్తుపై అభ్యంతరాలకే వారం పడుతుంది కనుక దయచేసి ఎన్నికల ప్రకటన వచ్చేదాకా ఆగకండి.

సమస్య: పద్దెనిమిదేళ్లు నిండాయి, జనవరి దాకా ఆగమంటున్నారు.

ఆగనక్కరలేదు. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగూ పద్దెనిమిదేళ్లు నిండాయా అనే లెక్కకు వస్తాయి. పదిహేడేళ్లు నిండితే ముందుగానే దరఖాస్తు చేయవచ్చు.

సమస్య: జాబితాలో పేరుంది, కార్డు పోయింది.

ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్‌కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్కులలో ఏదో ఒకటి తీసుకెళ్లండి. ప్రభుత్వరంగ సంస్థ ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు కూడా చెల్లుతుంది. స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు గుర్తుంచుకోవాలి. ఓటరు స్లిప్పు ఒక్కటే చూపితే 2019 నుంచి చాలదు. కార్డులో చిన్న అక్షరదోషం ఉందని మాత్రం వెనుదిరగకండి. మీరే ఆ ఓటరని తేలితే ఓటు వేయనివ్వాలి.

సమస్య: దరఖాస్తు తిరస్కరించారు.

ఉత్తర్వు వెలువడిన 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి వెళ్లవచ్చు. తిరస్కరణకు కారణం రాసి ఉన్న కాగితాన్ని జాగ్రత్త చేయండి, అప్పీలుకు అదే ఆధారం.