దృశ్యం రాద్దాం – 7వ పాఠం: ‘నీకు తెలుసుగా’ డైలాగు

పోయిన పాఠంలో ‘టాప్సీ-టర్వీ’ సినిమా చూసి, కలిసి పనిచేసే ఇద్దరి మధ్య తేడా వచ్చే దృశ్యం ఒకటి రాయమన్నాను. పంపినవన్నీ చదివాను. ఎక్కువమంది ఒకేచోట కాలు జారారు. అందుకే దృశ్యాన్ని ఎక్కడ ఆపాలన్నది వచ్చేసారి చూద్దాం. ఈ రోజంతా ఆ ఒక్క తప్పు మీదే: పాత్రలకి ముందే తెలిసిన సంగతిని ప్రేక్షకుడి కోసం డైలాగులో చెప్పించడం.

సినిమా చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మైక్ లీ 1999లో తీసిన సినిమా ఇది. కథ 1884, 85ల నాటి లండన్‌లో జరుగుతుంది. మాటలూ పాటలూ రాసేది గిల్బర్ట్, సంగీతం కట్టేది సలివన్. సవాయ్ థియేటర్ నడిపే కార్ట్‌తో వాళ్ళిద్దరికీ ఒప్పందం ఉంది. ఆయన అడిగిన ఆరు నెలల్లో కొత్త హాస్య సంగీత నాటకం ఇవ్వాలి. అప్పుడు ఆడుతున్న వాళ్ళ నాటకం ‘ప్రిన్సెస్ ఐడా’కి జనం పలచబడుతున్నారు. గిల్బర్ట్ మళ్ళీ ఒక మంత్రం బిళ్ళ కథ తెచ్చాడు, అది మింగితే మనుషులు మారిపోతారు. సలివన్ దానికి బాణీ కట్టనన్నాడు.

ఇప్పుడు మీరు రాసినవాటి సంగతి. ఒకరు నాటక సమాజం మీద రాశారు. ఎంచుకున్న విషయం చాలా బాగుంది. మొదటి డైలాగు ఇదీ: “రామ్మూర్తీ, నీకు తెలుసుగా, ఇరవై ఏళ్ళుగా మనిద్దరం ఈ సమాజం నడుపుతున్నాం. నువ్వు హార్మోనియం, నేను మాటలు.”

రామ్మూర్తికి తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ హార్మోనియం మోసినవాడికి ఆ మాట ఎందుకు చెప్తారు? ఆ మాట చెప్తున్నది మనకి. మనకి చెప్తున్నారని మనం పసిగట్టిన క్షణమే ఆ ఇద్దరూ మనుషులుగా మిగలరు. ఈ జబ్బుకి చాలా వేషాలున్నాయి. “నువ్వు నా చిన్ననాటి స్నేహితుడివి కాబట్టి చెప్తున్నా” అనడం ఒకటి. “మీ నాన్నగారు పోయినప్పటి నుంచీ” అని మొదలయ్యే అమ్మ ఇంకొకటి. ఫోన్ ఎత్తి, అవతలివాళ్ళ మాటలన్నీ పైకి తిరిగి పలకడం మూడోది. ఒకరైతే గిల్బర్ట్ నోట “విక్టోరియా మహారాణి ఏలుతున్న ఈ 1884లో” అనిపించారు. తన కాలం సంవత్సరాన్ని అలా ఎవరూ ఒత్తి పలకరు. మీరెప్పుడైనా పలికారా?

ఇందులో నేను పట్టుదలగానే ఉంటాను. కథ అర్థం కాదేమోనన్న టెన్షన్‌తో రాసే డైలాగులివి. ప్రేక్షకుడికి రెండు నిమిషాలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఊహించుకుంటూ కూర్చుంటాడు. ఆ ఊహించుకోవడమే అతన్ని కుర్చీలో కూర్చోబెడుతుంది.

ఆ నాటక సమాజం దృశ్యాన్నే ఇలా మొదలుపెట్టి చూడండి:

“మళ్ళీ మోహన రాగమేనా?”

“మళ్ళీ కొలువు సీనే రాశారు కదండీ.”

అంతే. ఎవరు రాస్తారో, ఎవరు వాయిస్తారో తెలిసిపోయింది. ఇద్దరూ చాలా ఏళ్ళుగా చేసిందే చేస్తున్నారని, దాంతో ఇద్దరికీ విసుగొచ్చిందని తెలిసింది. ‘అండీ’ అనడంలో ఎవరు పెద్దో కూడా తెలిసింది. సలివన్ గొడవ సరిగ్గా ఇదే. ఆ తలకిందుల మాయలు చాలు, నమ్మదగిన మనుషుల కథ కావాలి అంటాడు. ఆ సన్నివేశం మళ్ళీ చూడండి. ఇద్దరూ ఎంత మర్యాదగా మాట్లాడుకుంటారో! మాట్లాడేది బిళ్ళ గురించే. అయినా ఇద్దరి దారులూ వేరవుతున్నాయని మనకి తెలుస్తూనే ఉంటుంది. సలివన్‌కి 1883లోనే ‘సర్’ బిరుదు వచ్చింది, గిల్బర్ట్‌కి 1907 దాకా రాలేదు. మీలో సగంమంది ఆ సంగతి డైలాగులో పెట్టేసేవాళ్ళు.

అసలు డైలాగే లేని చోటు ఒకటి చెప్తాను. భార్య బలవంతం మీద గిల్బర్ట్ లండన్‌లోనే జరుగుతున్న జపాన్ ప్రదర్శనకి వెళ్తాడు. తెచ్చుకున్న కత్తి గోడకి వేలాడుతుంటుంది. ఒకరోజు దబ్బున కింద పడుతుంది. తీసి చేత్తో పట్టుకుంటాడు, అటూ ఇటూ తిప్పుతాడు, చూపు మారుతుంది. వాళ్ళ కొత్త నాటకం ‘మికాడో’ పుట్టింది. నిజానికి 1885 జనవరిలో ఆ ప్రదర్శన తెరిచేనాటికే గిల్బర్ట్ ఆ నాటకం పనిలో ఉన్నాడు. సినిమా వరస మార్చింది. ఆ కత్తి కోసం నేనైనా మార్చేవాణ్ణి.

తర్వాత రిహార్సల్. ఒక మాట పలికే తీరు గిల్బర్ట్‌కి నచ్చదు, మళ్ళీ చెప్పిస్తాడు, మళ్ళీ ఆపుతాడు. ఒక గాయకుడు కిమోనో లోపల నడుముకట్టు లేకుండా పాడలేనని పేచీ పెడతాడు. అది పెద్ద విషయమా? అతనికి పెద్దదే. చక్రవర్తి వేషం వేసే టెంపుల్ పాటని చివరి రిహార్సల్ అయ్యాక గిల్బర్ట్ తీసేస్తాడు. టెంపుల్ గొంతు పెంచడు, వాదించడు. తర్వాత కోరస్ వాళ్ళంతా వచ్చి అతని తరఫున అడుగుతారు, పాట తిరిగొస్తుంది. టెంపుల్ ఏడుస్తూ తన కష్టాలన్నీ చెప్పుకుని ఉంటే వాళ్ళు వచ్చి అడగడానికి ఏం మిగిలేది?

దృశ్యం తలకట్టు, చోటు, వేళ ఎలా వేయాలో నేను చెప్పను, అది మీకొచ్చు. నేనైతే మొదటి ప్రతి రూళ్ళ నోటుబుక్కులోనే రాస్తాను. ‘మనం’, ‘ఎప్పటినుంచో’, ‘గుర్తుందా’ కనిపిస్తే ఎర్రపెన్నుతో చుట్టేస్తాను. సగం పని అక్కడే అయిపోతుంది.

అభ్యాసం: రెండు పేజీల దృశ్యం. ఇద్దరు భాగస్వాములు, ఒక గది, చేతులు మారే వస్తువు ఒకటి. హార్మోనియం మెట్టు కావచ్చు, లెక్కల పుస్తకం కావచ్చు. ఆ వస్తువు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు. చివరికి ఇద్దరూ విడిపోతున్నారని నాకు తెలియాలి. ఒకసారి రాశాక దాన్ని చూడకుండా రెండోసారి రాయండి, అలాగే మూడోసారీ. మూడూ పంపండి. పంపేముందు ఇంట్లో ఎవరిచేతైనా ఒక పాత్ర చదివించి, రెండోది మీరు చదవండి. వాళ్ళు మధ్యలో ఆగి “ఇదెందుకు చెప్తున్నాడు?” అని అడిగితే ఆ డైలాగు కొట్టేయండి.